పువ్వు లేనప్పుడు కూడా తంగేడును గుర్తుపట్టడం ఎలా

మూడేళ్ళ కింద సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే, హైదరాబాద్‌లో మా కాలనీ పార్కు గోడ పక్కన పసుపుపచ్చగా విరగబూసిన చెట్టు కనిపిస్తే వాచ్‌మన్‌ను బతిమాలి సంచి నిండా కోసుకున్నాను. అక్కడి నుంచి సిద్దిపేట దగ్గర మా ఊరిదాకా ఆ సంచిని ఒళ్ళో పెట్టుకునే పోయాను, ఇంత తంగేడు ఈసారి మా వాడలో ఎవరూ తెచ్చి ఉండరని లోపల ఒకటే గర్వం. మా పెద్దమ్మ సంచిలో చెయ్యి పెట్టి ఒక కొమ్మ బయటికి తీసింది. పువ్వు వైపు చూడనే లేదు. ఆకు మొదలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "గిది తంగేడు గాదు బిడ్డా, పచ్చగున్నదల్లా తంగేడైతదా?" అని పక్కన పెట్టేసింది.

సాయంత్రం చెరువుకు పోయేటప్పుడు కట్ట దిగువన ఒక పొద దగ్గర ఆగి "ఇగో, ఇది తంగేడు" అంది. దానికి ఒక్క పువ్వు లేదు, ఊరంతా అప్పటికే దులిపేసుకుపోయారు. పువ్వు లేకుండా ఎట్లా చెప్పావంటే మళ్ళీ ఆకు మొదలే చూపించింది. ఆ చూపించింది ఏమిటో తెలిస్తే తంగేడును ఏ నెలలోనైనా, మొగ్గ లేకపోయినా, సగం నరికేసిన మోడుకు చిగురించిన నాలుగు ఆకుల్లోనైనా పట్టుకోవచ్చు. పువ్వుతోనే గుర్తుపట్టే మనలాంటివాళ్ళకు ఆ చెట్టు ఏడాదికి పండగ పది రోజులే కనిపిస్తుంది, మిగతా మూడొందల యాభై ఐదు రోజులు అది దారి పక్కన ఒక పిచ్చి పొద. పిచ్చి పొదను జేసీబీ ఎత్తేస్తుంటే ఎవరూ ఆపరు కదా.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది, పాలపిట్ట, జింక, జమ్మిచెట్టుతో పాటు. అప్పటి నుంచి గోడల మీద, బ్యానర్ల మీద తంగేడు బొమ్మకు లోటు లేదు. రోడ్డు పక్కన మాత్రం మా ఊరికి పోయే దారిలోనే నా చిన్నప్పుడు వరసగా ఉండే పొదలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి. దారి వెడల్పు చేసినప్పుడు కొన్ని పోయాయి, కాలువ గట్టు చదును చేసినప్పుడు కొన్ని, ప్లాట్లు కొట్టినప్పుడు ఇంకొన్ని. మిగిలిన చోట సర్కారు తుమ్మ కమ్మేసింది, దాని నీడలో తంగేడు బతకదు. గట్ల మీద గడ్డిమందు కొట్టే అలవాటు వచ్చాక విత్తనం పడి మొలిచే చిన్న మొక్కలు కూడా మాడిపోతున్నాయి, ఉన్న ముసలి పొద చస్తే దాని వెనక ఇంకోటి లేదు.

సరే, పనిలోకి వద్దాం.

ఎక్కడ వెతకాలి

తంగేడు మెట్ట మొక్క. ఎర్రనేల, గరుసు, రాళ్ళ దిబ్బ, ఎండ బాగా పడే చోటు. తెలంగాణలో, రాయలసీమలో, పల్నాడు వైపు, ప్రకాశం మెట్టల్లో, అటు కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర ఎండు ప్రాంతాల్లో, శ్రీలంకలో ఇది సొంతంగా పెరుగుతుంది. చెరువు కట్ట బయటి వాలు, రైలు పట్టాల పక్క గట్టు, రోడ్డు వేసేటప్పుడు మొరం తవ్విన గుంతల అంచులు, వాన నీళ్ళు పోయే కందకం పైగట్టు, పొలాల మధ్య ఎవరూ దున్నని బండ దగ్గర, శ్మశానం చుట్టూ, పాత గుడి వెనక చూడండి. కందకం అన్నాను కదా అని నీళ్ళలో వెతక్కండి, నీళ్ళు నిలిచే అడుగున ఇది ఉండదు, గట్టు మీదే. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడిన పసుపు పూల పొద కనిపిస్తే అది తంగేడు కాదని సగం తేల్చుకోవచ్చు, అక్కడ సాధారణంగా ఉండేది మెట్టతామర, దాని సంగతి తర్వాత చెప్తాను (పేరులో మెట్ట ఉన్నా దానికి తడి నేలంటేనే ఇష్టం, పేర్లు ఎవరు పెట్టారో గానీ).

పూత కోసమైతే వానలు పడ్డాక, ఆగస్టు చివరి నుంచి జనవరి దాకా బాగా ఉంటుంది, మిగతా నెలల్లో కూడా అక్కడక్కడా ఒక గుత్తి ఉంటూనే ఉంటుంది. బతుకమ్మ సరిగ్గా నిండు పూతలో వస్తుంది. తమిళనాడులో కోయంబత్తూరు, ఈరోడు వైపు భోగి రోజు ఇంటి చూరుకు వేపాకుతో, పిండి పూలతో కలిపి ఇదే పువ్వును కడతారు, వాళ్ళు దీన్ని ఆవారం అంటారు. అంటే సంక్రాంతి దాకా పూత దొరుకుతుందన్నమాట. కానీ ముందే చెప్పాను, పూత కోసం ఆగకండి. నా సలహా ఏమిటంటే మొదటిసారి పువ్వున్నప్పుడు చూసి, అదే పొద దగ్గరికి మళ్ళీ ఏప్రిల్‌లో ఒకసారి పొండి. ఎండాకాలంలో కూడా ఇది ఆకు పూర్తిగా రాల్చదు, చుట్టూ అన్నీ మోడులైనప్పుడు ఇదొక్కటే పచ్చగా నిలబడి ఉంటుంది, దూరం నుంచి పట్టుకోవడానికి ఎండాకాలమే తేలిక.

దూరం నుంచి చూస్తే మనిషంత ఎత్తు, కొంచెం అటూ ఇటూ, మొదట్లోనే చాలా కొమ్మలుగా చీలిన గుబురు పొద. మంచి నేల దొరికి ఎవరూ నరక్కపోతే చిన్న చెట్టంత అవుతుంది గానీ మన దార్ల పక్కన అంత అదృష్టం దానికి తక్కువ. దగ్గరికి పోతే కాండం మీద బెరడు దాల్చినచెక్క రంగులో నున్నగా ఉండి, వేలితో రాస్తే చిన్న చిన్న చుక్కల్లా గరుకు తగులుతుంది. ఈ బెరడుకు ఒక పెద్ద చరిత్ర ఉంది. తోళ్ళు పదును చేయడానికి దక్షిణ భారతంలో తరతరాలుగా తంగేడు చెక్కే వాడారు, ఇంగ్లిషువాళ్ళు దీనికి పెట్టుకున్న పేరులో కూడా తోలు పని చేసేవాళ్ళ ప్రస్తావనే ఉంటుంది. పొలంలో పచ్చిరొట్టగా ఆకు తొక్కించేవాళ్ళు, పళ్ళు తోముకోవడానికి పుల్ల విరుచుకునేవాళ్ళు. అంటే మన తాతల కాలంలో దీన్ని గుర్తుపట్టడం ఒక చదువేం కాదు, రోజూ చేతిలో ఉండేది.

చెవి

ఇప్పుడు అసలు విషయం. ఒక ఆకు పట్టుకోండి. ఇక్కడ ఒక చిన్న పేచీ ఉంది, మనం ఆకు అనుకునే చిన్న చిన్న రేకులు ఆకులు కావు, మధ్య ఈనెకు రెండు వైపులా జతలు జతలుగా ఉన్నవన్నీ కలిపితేనే ఒక ఆకు. చింతాకు, మునగాకు, వేపాకు తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. తంగేడుకు ఒక ఆకు మొత్తం పొడవు నాలుగు వేళ్ళ వెడల్పంత, అంటే 8 నుంచి 10 సెంటీమీటర్లు. అందులో చిన్నాకులు 8 నుంచి 12 జతలు. ఒక్కో చిన్నాకు 2, 2.5 సెంటీమీటర్లు, కోలగా ఉంటుంది, కొస మొద్దుగా గుండ్రంగా ఉండి దాని మీద చిన్న ముల్లులాంటి మొన ఒకటి ఉంటుంది, గుచ్చుకోదు, వేలికి తెలుస్తుందంతే. చివర ఒంటరి ఆకు ఉండదు, జతతోనే ముగుస్తుంది. వేపలాగా అంచుకు రంపపు పళ్ళు ఉండవు.

ఇప్పుడు ఈ ఆకు కొమ్మకు అతుక్కున్న చోట చూడండి. అక్కడ రెండు వైపులా గుండ్రటి ఆకుపచ్చ రేకులు కొమ్మను పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరు నుంచి బొటనవేలి గోరంత ఉంటుంది, సరిగ్గా చెవి ఆకారం, కింద ఒక పక్కకు సన్నటి దారంలాంటి తోక కూడా ఉంటుంది. మా పెద్దమ్మ తిప్పి చూసింది వీటినే. బోటనీ పుస్తకంలో వీటిని పత్రపుచ్ఛాలు అంటారు, చాలా మొక్కలకు ఇవి కంటికి ఆనవు, లేదా చిగురు విప్పుకోగానే రాలిపోతాయి. తంగేడుకు మాత్రం పెద్దగా ఉంటాయి, రాలకుండా ఆకు ఉన్నంతకాలం ఉంటాయి. అందుకే పువ్వు కంటే ఇదే నమ్మకమైన గుర్తు.

తర్వాత ఎప్పుడో దీని శాస్త్రీయ నామం చూస్తే నాకు నవ్వొచ్చింది. సెన్నా ఆరికులేటా. లాటిన్‌లో ఆరికులేటా అంటే చెవులున్నది అని. 1753లో మొక్కలకు ఇలా రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని కాసియా ఆరికులేటా అన్నాడు, పాత పుస్తకాల్లో మీకు ఆ పేరే కనిపిస్తుంది, తర్వాత సెన్నా కిందకి మార్చింది విలియం రాక్స్‌బర్గ్, ఆయన మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి కోరమాండల్ తీరం మొక్కల మీద పనిచేసిన మనిషి. ఇంటి పేరు ఎటు మారినా చెవి మాత్రం పోలేదు. పెద్ద పెద్ద పండితులు పేరులో పెట్టిన గుర్తూ, మా పెద్దమ్మ వేలితో చూపించిన గుర్తూ ఒకటే.

చెవి చూశాక ఇంకొక్కటి చూస్తే అనుమానం అసలు ఉండదు. ఆకును కాస్త వంచి మధ్య ఈనె పైభాగం కంటికి దగ్గరగా పెట్టుకోండి. ప్రతి జత చిన్నాకుల మధ్యా ఒక సన్నటి పుల్లలాంటిది నిటారుగా నిలబడి ఉంటుంది, గుండుసూది మొనంత. అది గ్రంథి, ఇంగ్లిషులో గ్లాండ్. కింది జత దగ్గర నుంచి పై జత దాకా ప్రతి జత మధ్యా ఉండాలి, ఇది ముఖ్యం. కింద ఒకటో రెండో ఉండి పైన లేకపోతే అది తంగేడు చుట్టమే గానీ తంగేడు కాదు. చూపు ఆనకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి, నేనూ అదే చేస్తాను, నలభై దాటాక సిగ్గెందుకు.

పువ్వు, కాయ

పువ్వు గురించి తక్కువే చెప్తాను, అందరికీ తెలిసిందే అనుకుంటారు కాబట్టి. పెద్దది, దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పు. ఐదు రేకులు, ఒక్కో రేకు మొదట్లో సన్నగా ఉండి పైకి వెడల్పవుతుంది, అంచులు ఇస్త్రీ చెయ్యని చీరకుచ్చిళ్ళలా ముడతలు ముడతలుగా ఉంటాయి. నిగనిగలాడే పసుపు, ఎండేకొద్దీ రేకు మీద నారింజ రంగు ఈనెలు తేలతాయి. మధ్యలో పది కేసరాలు, పది ఒక్క సైజు కాదు: పైన మూడు ఉత్తుత్తివి, పుప్పొడి ఉండదు, కింద రెండు మూడు పొడుగ్గా కొడవలిలా వంగి ఉంటాయి. ఇందులో తేనె ఉండదు. ఎండెక్కాక పొద దగ్గర నిలబడితే నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని జుమ్మని వణికిస్తుంది, ఆ వణుకుకు కేసరం కొనలో ఉన్న చిన్న రంధ్రం నుంచి పుప్పొడి ఉప్పు డబ్బాలోంచి రాలినట్టు రాలుతుంది. గుర్తుపట్టడానికి ఇది అవసరం లేదు, కానీ అంతదూరం పోయారు కాబట్టి ఐదు నిమిషాలు నిలబడి చూడండి.

పూలు ఆకుల పంగల్లోంచి వచ్చే చిన్న గుత్తులు, కొమ్మ చివర దగ్గర దగ్గరగా వచ్చేసరికి అంతా కలిసి ఒక పెద్ద గుత్తిలా కనిపిస్తుంది. కిందికి వేలాడవు, కొవ్వొత్తిలా నిక్కపొడుచుకునీ ఉండవు. ఈ ఒక్క మాట గుర్తుంటే రేలనూ మెట్టతామరనూ దూరం నుంచే తీసేయొచ్చు.

కాయ డిసెంబరు తర్వాత బాగా కనిపిస్తుంది. 7 నుంచి 11 సెంటీమీటర్ల పొడవు, బల్లపరుపు, ఎండితే కాగితంలా తేలిక, లేత గోధుమరంగు. గింజకూ గింజకూ మధ్య నొక్కినట్టు అలలు అలలుగా ఉంటుంది. ఊపితే గలగలమంటుంది, లోపల 12 నుంచి 20 గింజలు.

తంగేడు అనిపించేవి

అసలు తంటా ఇక్కడే. మన దార్ల పక్కన పసుపు పూలు బోలెడు, అందులో సగం బయటి దేశాల నుంచి వచ్చినవే.

నన్ను ముంచిన పార్కు పువ్వుతో మొదలుపెడతాను. సెన్నా సురాటెన్సిస్ అంటారు, నర్సరీల నుంచి తెచ్చి పార్కుల్లో, గేటెడ్ కాలనీల్లో, రోడ్డు డివైడర్ల మీద నాటుతుంటారు. రంగు అదే, పువ్వు ఆకారం దాదాపు అదే, ఆకు కూడా అదే వరస. కొందరు అమ్మేవాళ్ళు కూడా తంగేడనే అంటారు. కానీ దీని ఆకు మొదట్లో చెవులు ఉండవు, సన్నటి దారాల్లాంటివి ఉండి అవీ రాలిపోతాయి. గ్రంథులు కింది రెండు మూడు జతల మధ్య మాత్రమే ఉంటాయి, పైన ఖాళీ. బతుకమ్మలో పెడితే పాపమేం కాదు, అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడ దొరికిన పూలతోనే పేర్చుకుంటున్నారు కదా, కానీ తంగేడు అనుకుని పెట్టొద్దు.

రెండోది కసివింద. ఇది కాస్త జాగ్రత్తగా వినండి. వానాకాలంలో పేడకుప్పల దగ్గర, రోడ్డు పక్కన, ఖాళీ ప్లాట్లలో మోకాలి నుంచి ఛాతీ ఎత్తు దాకా లేస్తుంది. చిన్నాకులు నాలుగైదు జతలే, ఒక్కొక్కటి పెద్దది, కొస సూదిగా ఉంటుంది. గ్రంథి ఒకే ఒక్కటి, ఆకు కాడ మొదట్లో లావుగా. ఆకు నలిపితే కంపు కొడుతుంది, తంగేడుకు ఆ కంపు లేదు. కాయ తంగేడులా పల్చగా కాగితంలా ఉండదు, కాస్త లావుగా, వంపు తిరిగి, అంచులు లేత రంగులో ఉంటాయి. ఈ గింజలు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ళ తరబడి పిల్లలు అంతుచిక్కని జబ్బుతో చనిపోతుంటే దానికి కారణం ఈ గింజలు తినడమేనని డాక్టర్లు తేల్చారు, 2016లో ఒడిశా మల్కన్‌గిరిలో పిల్లల మరణాలప్పుడు కూడా దీని పేరే వచ్చింది. పిల్లల్ని వెంటబెట్టుకుని పూలకు పోయేవాళ్ళు ముందు దీన్ని చూపించి "ఇది ముట్టొద్దు" అని చెప్పండి, తంగేడు తర్వాత చూపించొచ్చు.

తగిరిస, కొన్ని ఊళ్ళలో తంటెం అంటారు, లేతాకు కూర కూడా వండుకుంటారు. ఇది తేలిక. చిన్నాకులు మూడే జతలు, గుండ్రంగా, రాత్రి కాగానే ముడుచుకుంటాయి. వానలతో వచ్చి చలికాలానికి ఎండిపోతుంది. కాయ జానెడు పొడవు, సన్నగా కొడవలిలా.

సీమ తంగేడు దగ్గర చాలామంది బోల్తా పడతారు, పేరులోనే తంగేడు ఉండడం వల్ల. ఇది చెట్టు, పెద్ద చెట్టు, హైవేల పక్కన నీడ కోసం వరసగా నాటినవి మీరు చూసే ఉంటారు, కొమ్మల చివర పసుపు పూలు పెద్ద పెద్ద గుత్తులుగా నిలబడి ఉంటాయి. పెద్ద చెట్టప్పుడు ఎవరూ పొరబడరు. కరెంటు తీగల కింద ఉన్నవాటిని మొదలంటా కొట్టేస్తే మళ్ళీ పొదలా చిగురిస్తాయి చూడండి, అప్పుడు అచ్చం తంగేడే అనిపిస్తుంది, చిన్నాకుల లెక్క కూడా కలుస్తుంది. ఈనె మీద గ్రంథి వెతకండి. ఒక్కటి కూడా ఉండదు. చెవీ ఉండదు. చిన్నాకులు కూడా వేలెడు పొడవుంటాయి.

మెట్టతామర, సీమ అవిసె అని కూడా అంటారు, తామరకు ఆకు రాసేవాళ్ళు. తడి కందకాల్లో, మురుగు కాలువల పక్కన దట్టంగా ఉంటుంది. దీనికి కూడా ఆకు మొదట్లో కాస్త పెద్ద రేకులే ఉంటాయి కాబట్టి చెవి ఒక్కటే చూసి తేల్చేసేవాళ్ళు ఇక్కడ తడబడొచ్చు. కానీ అవి మూడు మూలలుగా ఉంటాయి గానీ గుండ్రంగా ఉండవు, ఈనె మీద గ్రంథులు లేవు, పైగా ఆకు మూరెడు ఉంటుంది, ఒక్కో చిన్నాకే అరచేయంత పొడవు. పూలు కొవ్వొత్తులు నిలబెట్టినట్టు నిటారుగా. కాయకు నాలుగు రెక్కలు.

రేల గురించి చెప్పక్కర్లేదు అనుకుంటా, వేసవిలో గొలుసుల్లా వేలాడే పూలు, దుడ్డుకర్రలాంటి నల్లటి గుండ్రని కాయలు. డివైడర్ల మీద గంటల్లాంటి పసుపు పూలు పూసేది టెకోమా, పువ్వు రేకులు విడివిడిగా కాక గొట్టంలా కలిసి ఉంటాయి, ఆకు అంచుకు రంపపు పళ్ళు. పచ్చగన్నేరుకు సన్నటి ఒంటి ఆకులు, తుంచితే పాలు కారతాయి, అదీ విషమే. తుత్తురబెండకు హృదయం ఆకారపు ఒంటి ఆకు. జనుము పువ్వు చిక్కుడు పువ్వులా పడవ ఆకారంలో ఉంటుంది. ఇవన్నీ ఒక్క చూపుకు తేలిపోతాయి. నేల తంగేడు అనే సున్నాముఖి ఒకటుంది, తంగేడు కంటే పొట్టిది, ఆకు కొస సూదిగా, ఈనె మీద గ్రంథులు ఉండవు.

ఫొటో తీసేటప్పుడు

చాలామంది పువ్వు ఒక్కటే నిండుగా ఫొటో తీసి "ఇది తంగేడేనా అన్నా" అని పంపుతారు. ఆ ఫొటోతో నేనే కాదు ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పొద మొత్తం ఒకటి, ఒక పూర్తి ఆకు పక్కన వేలు పెట్టి ఒకటి, ఆకు కొమ్మకు అతుక్కునే చోటు దగ్గరగా ఒకటి, ఈనె పైభాగం ఒకటి, కాయ ఉంటే కాయ. మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లు కూడా అంతే, పువ్వు ఒక్కటే చూపిస్తే సెన్నాల్లో ఏదో ఒకటి చెప్పేస్తాయి, నా పార్కు పువ్వును ఒక యాప్ రెండుసార్లు రెండు పేర్లతో చెప్పింది. మొక్కల ఫొటోలు పెట్టే వెబ్‌సైట్లు ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఈ ఫొటోలన్నీ కలిపి పెడితే తెలిసినవాళ్ళు చూసి చెప్తారు, పైగా ఫలానా చోట ఫలానా ఏడు తంగేడు ఉంది అన్న లెక్క ఒకటి మిగులుతుంది. రేపు అక్కడ రోడ్డు పడితే ఆ లెక్కే సాక్ష్యం.

గట్టు మీదికి ఎక్కే ముందు కర్రతో గడ్డి తట్టండి, పూతకాలం పాములు తిరిగే కాలం కూడా. హైవే పక్కనైతే బండిని పూర్తిగా కిందికి దించి ఆపండి, ఒక పువ్వు కోసం లారీకి ఎదురు నిలబడకండి.

దొరికాక

కొమ్మను విరవకండి, గుత్తి కింద గోటితో తుంచండి. తంగేడు మొండిది, నరికినా మోడు నుంచి చిగురిస్తుంది, కాబట్టి కోత వల్ల పొద చావదు. దెబ్బ పడేది విత్తనం మీద. నిండు పూతలో ఉన్న పది రోజుల్లోనే అన్ని గుత్తులూ పోతే డిసెంబరుకు కాయ ఎక్కడిది? ఒక్కో పొద మీద కొన్ని గుత్తులు, పైన చెయ్యి అందనివైనా సరే, వదిలేయండి. ఈమధ్య పట్నంలో అమ్మడానికి ట్రాలీలకు ట్రాలీలు మొదళ్ళతో సహా కొట్టుకొస్తున్నారు, వాడిపోయిన ఆ కొమ్మల్ని కొనేటప్పుడు నాకు బాధే, కొనకుండా ఉండనూ లేను, ఇంట్లో ఊరుకోరు.

చక్కెర జబ్బుకు ఈ పూల కషాయం మంచిదని తాగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ఇష్టం, కానీ గోళీలు మానేసి దీన్ని తాగకండి, డాక్టర్‌ను అడగండి. అసలు మీరు కోసుకొచ్చింది తంగేడో కాదో చెవి చూసి ఖాయం చేసుకోకుండా ఏదీ నోట్లో పెట్టుకోకండి, కసివింద సంగతి ఇందాకే చెప్పాను.

పెంచాలనుకుంటే మొక్కను పీక్కొచ్చి నాటే పని పెట్టుకోకండి, వేరు లోతుకు పోతుంది, తవ్వితే తెగి చచ్చిపోతుంది. జనవరి తర్వాత బాగా ఎండిన కాయలు కోసి గింజ తీసి పెట్టుకోండి. పైపెంకు గట్టిది కాబట్టి మృగశిర కార్తె ముందు రోజు రాత్రి గింజల మీద వేడి నీళ్ళు పోసి, అలాగే చల్లారనిచ్చి తెల్లారిదాకా నాననివ్వండి. ఉబ్బినవి తీసి, ఎండ పడే గట్టు మీద, నీళ్ళు నిలవని చోట వేలి గణుపంత లోతులో గుంతకు రెండు మూడు గింజలు వేయండి. చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టండి, లేకపోతే గడ్డి కోసేవాళ్ళు తెలియక కోసేస్తారు. మొలిచాక అదే నేలలో తగిరిస, కసివింద కూడా లేస్తాయి, లేత మొక్కకు చిన్నాకుల జతలు తక్కువే ఉంటాయి కాబట్టి అప్పుడు లెక్కపెట్టి పీకేయకండి, కాస్త ఎదిగి ఆకు మొదట్లో చెవి కనిపించేదాకా ఆగండి.

పోయినేడు మా ఊరి చేను పక్క కందకం గట్టు మీద ఐదు గుంతల్లో వేశాం. మూడు చోట్ల మొలిచాయి, ఒకదాన్ని మేక తినేసింది, ఒకటి గట్టు సాఫు చేసేటప్పుడు రాళ్ళతో సహా పోయింది. మిగిలినదానికి ఇప్పుడు మోకాలి ఎత్తు, పువ్వు ఇంకా రాలేదు, చెవులు మాత్రం బాగా కనిపిస్తున్నాయి.